తివాచీల షెడ్డులో పదో తరగతి

ఆ కాగితాలు ఇప్పటికీ మా బీరువాలో ఉన్నాయి, రేషన్ కార్డు పెట్టే అరలో. పదో తరగతి ప్రీఫైనల్, సోషల్ పేపరు. మొదటి పేజీలో పదకొండు లైన్లు ఒక్క కొట్టివేత లేకుండా గుండ్రటి అక్షరాలతో ఉంటాయి. పన్నెండో లైను సగంలో ఆగిపోతుంది. ఆగిన చోట ఏడు చుక్కలు. పెన్ను ఆన్చి, ఎత్తి, మళ్ళీ ఆన్చినట్టు వరసగా ఏడు. ఆ తర్వాత పదిహేను పేజీలు తెల్లగా ఉన్నాయి.

"వందకి తొమ్మిదండీ," అన్నారు సూర్యప్రకాశరావు గారు, ఆ ఫిబ్రవరి మధ్యాహ్నం పేపరు నా ముందు పెట్టి. "ఇంకెవరిదైనా అయితే క్లాసులోనే ఇచ్చేసేవాణ్ణి. మీ అమ్మాయిది కదాని పిలిచాను. తప్పు రాసింది ఒక్క ముక్క లేదు, చూడండి. రాసిందంతా రైటే. రాయడమే మానేసింది."

ఆయన మా బడి హెడ్మాస్టరు. గవర్నమెంటు హైస్కూల్లో రిటైరయ్యాక మా దగ్గరికి వచ్చారు. నేను లెక్కలు చెబుతాను. పేపరు మా హాజిరాది.

మా బడి అంటే ఏలూరు తంగెళ్ళమూడిలో ఒకప్పటి తివాచీల షెడ్డు. మా మామగారి తండ్రి కాలంలో అందులో ఏడు మగ్గాలు ఆడేవట. నేత ఆగిపోయాక చాలాకాలం తాళం వేసి ఉంది. ఎనిమిదేళ్ళ కిందట మా అత్తగారు సఫియాబీ, పేటలో మరో నాలుగిళ్ళ వాళ్ళు కలిసి అందులో ఆడపిల్లల కోసం బడి తెరిచారు. పొద్దున్న ఏడింటి నుంచి తొమ్మిదిన్నర దాకా ఖురాన్. పది నుంచి సాయంత్రం దాకా గవర్నమెంటు సిలబస్. మూడో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక తరగతి పెంచుకుంటూ వచ్చారు. హాజిరాతో పాటు చేరినవాళ్ళే ఎప్పుడూ బడికి పెద్ద క్లాసు. ఆ ఏడు వాళ్ళు పదికి వచ్చారు. పదకొండు మంది. గోడవారగా మిగిలిపోయిన ఒక పాత మగ్గం గుంజకి మేకులు కొట్టి బ్యాగులు తగిలించుకునేవాళ్ళు.

అత్తగారిని పిల్లలందరూ పెద్దాపా అంటారు. డెబ్భై ఏళ్ళు. ఖురాన్‌లో ముప్ఫై భాగాలుంటాయి, పారాలంటాం, అన్నీ చూడకుండా చదువుతుంది. ఆవిడకి నేర్పింది వాళ్ళ నాన్న. ఆయన తివాచీ నేస్తూ, ఒక్కో ముడికీ ఒక్కో మాట చెప్పించేవాడట. ముడి తప్పితే అక్కడిదాకా విప్పాల్సిందే. మాట తప్పినా అంతే. ఆవిడ దగ్గర పాఠం అప్పజెప్పే పిల్ల ఒక్క మాట దగ్గర ఆగిపోతే ఆవిడ అందివ్వదు. పిల్ల అక్కడే కూర్చుని ఆ మాట వెతుక్కోవాలి. దాన్ని దాటి ముందుకు వెళ్ళనివ్వదు. హాజిరాకి అప్పటికి ఇరవై ఏడు పారాలు నోటికొచ్చు. మిగిలినవి మూడు.

ఆ సాయంత్రం మా ఆయన గౌస్ గుండుగొలను నుంచి వచ్చేసరికి ఎనిమిదయింది. అక్కడ హైవే పక్కన ఆయనకి మోటార్ వైండింగ్ షాపు ఉంది. కొల్లేటి చేపల చెరువుల్లో కాలిపోయిన మోటార్లన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. ఆ రోజు ఎవరో చెరువుగలాయన ఇచ్చిన శీలావతి చేప సంచిలో పెట్టుకొచ్చాడు. నేను శుభ్రం చేస్తూ చెప్పాను.

"తొమ్మిదా? పాతిక్కా?"

"వందకి."

ఆయన చేతులు కడుక్కుంటూ చాలాసేపు కుళాయి కట్టలేదు.

"మోటారు ఒకటే జరీనా. లోడు రెండింతలు వేస్తే లోపలి రాగి వైండింగ్ కాలిపోద్ది. నేను రోజూ చూసే పనే ఇది."

"లోడెక్కువైతే ఇన్నేళ్ళూ ఎలా తిరిగిందిరా?" అంది అత్తగారు లోపలి గదిలోంచి. ఆవిడకి ఎడమ చెవి సరిగా వినబడదు కానీ ఇలాంటివి మాత్రం కుడి చెవి వదలదు.

"అమ్మీ, మీకు తెలీదు. ఇది పదో తరగతి. మిగిలిన మూడు పారాలూ పరీక్షలయ్యాక చదువుకుంటది. రేపట్నుంచి పొద్దున పాఠం మానిపించి తాడేపల్లిగూడెంలో అక్క వాళ్ళింట్లో దింపేస్తాను. వాళ్ళ వీధిలోనే ట్యూషన్ సెంటర్ ఉంది. పరీక్షలకి నేనే తీసుకొస్తాను."

అత్తగారు బయటికొచ్చి గుమ్మానికి చెయ్యి ఆన్చి నిలబడింది.

"నీ కూతురు, నీ ఇష్టం. కానీ గౌసూ, దాన్ని దింపి వచ్చేటప్పుడు షెడ్డుకి తాళం కూడా నువ్వే వేసి రా."

ఆవిడ ఎందుకన్నదో మా ముగ్గురికీ తెలుసు. రెండు చదువులూ కలిసి నడుస్తాయని ఇంటింటికీ తిరిగి చెప్పి మిగతా పదిమందిని కూర్చోబెట్టింది మేము. పెద్దాపా మనవరాలే, లెక్కల టీచరు కూతురే పరీక్షల కోసం ఖురాన్ పాఠం మానేస్తే, కుదరదని మా నోటితో మేమే చెప్పినట్టు. ఆ తర్వాత ఎవరు ఉంటారు?

చివరికి ఆయనే అన్నాడు. "సరే. గ్రాండ్ టెస్టు దాకా చూద్దాం. మార్చి మొదటివారమేగా. అందులోనూ ఇదే కథైతే మాత్రం నాకెవరూ అడ్డు చెప్పకూడదు. మీరు కూడా అమ్మీ."

"చెప్పను," అంది ఆవిడ. చేప ఇగురు బాగా కుదిరిందని ఆ పూట ఎవరూ అనలేదు.

మర్నాడే పేటంతా తెలిసిపోయింది. తొమ్మిదో తరగతి చదివే పిల్ల తల్లి బిల్కీసు పొద్దున్నే ఆఫీసుగదికి వచ్చింది. టీసీ కావాలంది.

"ఏడాది ముగియకుండా టీసీ ఏంటమ్మా, పరీక్షలు కానివ్వండి," అన్నారు సూర్యప్రకాశరావు గారు.

"అది కాదండీ. మీ మీద మాకేం లేదు. రెండు పడవల మీద కాళ్ళు పెడితే ఏమవుద్దో పెద్దవాళ్ళు ఊరికే చెప్పలేదు కదండీ. పెద్దాపా మనవరాలికే తొమ్మిది మార్కులొస్తే, మా పిల్లకి సున్నా అన్నా వస్తదా అని వాళ్ళ నాన్న ఒకటే గోల."

నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. హెడ్మాస్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మాది కొల్లేటి లంకమ్మా. మా చిన్నప్పుడు తాటిదోనె ఉండేది. ఒక్క దోనె మీద మనిషి తిన్నగా నిలబడలేడు, ఇటు తుమ్మితే అటు బోర్లాపడుద్ది. అందుకని రెండు దోనెలు పక్కపక్కన పెట్టి కలిపి కట్టేవాళ్ళు. వాటి మీద ధాన్యం బస్తాలెక్కించేవాళ్ళు, గేదెనెక్కించేవాళ్ళు. ఒకసారి మా మేనత్తని పెళ్ళికూతుర్ని చేసి దాని మీదే పంపించారు. మునగలేదు."

"మరి కట్టు ఊడితేనో?" అంది బిల్కీసు.

"ఊడకుండా చూడాల్సింది మేమే కదమ్మా. ఫలితాలయ్యాక రండి. అప్పుడూ టీసీయే కావాలంటే సంతకం పెట్టి ఇచ్చేస్తాను."

ఆవిడ వెళ్ళిపోయాక ఆయన నావైపు తిరిగి మెల్లగా అన్నారు. "ఏదో అన్నాను గానీ, ఆ చుక్కల సంగతేంటో కనుక్కోండి. కట్టు అక్కడే ఊడుతోంది."

ఆ రాత్రి అన్నాలయ్యాక హాజిరాని వంటింట్లో కూర్చోబెట్టి అడిగాను. అది పప్పులో రాళ్ళేరుతోంది.

"ఆ చుక్కలు ఏంటే?"

"ఒక మాట రాలేదమ్మీ. రిట్రీటింగ్ మాన్సూన్. ఇప్పుడొస్తోంది. అప్పుడు రాలేదు."

"రాకపోతే వదిలేసి తర్వాతి ప్రశ్నకి వెళ్ళాలి కదా."

అది తలెత్తి నావంక చూసింది. నేను అర్థం లేని మాటేదో అన్నట్టు.

"ఎలా వెళ్తాను? ఇంకా అది రాలేదుగా."

దాదాపు మూడు గంటలు ఆ మాట కోసమే కూర్చుందట. ఏడుపు రాలేదా అంటే, ఎందుకు, వెతుక్కుంటున్నాను కదా అంది. పక్క బెంచీ పిల్లలు పేపర్లు ఇచ్చేసి వెళ్తుంటే కూడా వెతుక్కుంటూనే ఉంది. తెలుగులోనూ ఇంచుమించు అంతే జరిగిందనీ, అక్కడ మాట తొందరగా దొరికిందనీ చెప్పింది. లెక్కల్లో ఆ బాధ లేదు, ఎందుకంటే అందులో గుర్తుపెట్టుకునేది తక్కువ.

మా అమ్మాయికి జ్ఞాపకం తక్కువై ఆ తొమ్మిది మార్కులు రాలేదు. ఎనిమిదేళ్ళుగా ప్రతి పొద్దున్నా ఏం చెయ్యకూడదని నేర్పామో పరీక్ష హాల్లో కూర్చుని అది చెయ్యలేదు, అంతే.

కారణం తెలిసింది కదా, ఇక తేలిక అనుకున్నాను. పాత పేపర్లు తెచ్చి ఇంట్లో పరీక్షలు పెట్టడం మొదలుపెట్టాను. నేను వంట చేస్తుంటే అది వంటింటి గట్టు మీదే రాసేది. "ఆగిపోతే కుక్కరు ఒక కూత వేసేదాకా చూడు. రాకపోతే తర్వాతి ప్రశ్న," అని రూలు పెట్టాను. మొదటిరోజు కుక్కరు ఐదు కూతలేసింది. అది పెన్ను పట్టుకుని కళ్ళు మూసుకుని అలాగే కూర్చుంది. నేనూ దాన్నే చూస్తూ నిలబడ్డాను. పప్పు మాడింది.

"మాడిన పప్పులో కాస్త చింతపండు వెయ్యమ్మీ, అబ్బాకి తెలీదు," అంది.

"నోర్మూసుకుని రాయి."

పదిరోజులు అంతే. నేను అరవడం, అది తల ఊపడం, మళ్ళీ చుక్కలు పెట్టడం. చివరికి అత్తగారి దగ్గరికే వెళ్ళాను. ఆవిడ మంచం మీద కూర్చుని తస్బీ తిప్పుకుంటోంది.

"మీరు చెప్పండి అత్తమ్మా. మీ మాటైతే వింటది."

"ఏమని చెప్పను?"

"పరీక్షలో గుర్తు రానిది వదిలేసి ముందుకు వెళ్ళమని."

ఆవిడ పూసలు తిప్పడం ఆపింది. "యాభై ఏళ్ళ నుంచి వదలకూడదని చెప్పిన నోరమ్మా ఇది. ఇప్పుడు వదిలెయ్యమంటే, రేపు అది పారా చదివేటప్పుడు ఏం చేస్తది? ఇక్కడో మాట, అక్కడో మాట వదిలేస్తూ పోతది. నేను నేర్పింది తప్పంటావా?"

"తప్పని నేనెప్పుడన్నాను?"

"అనలేదు. అనిపించుకున్నాను." ఆవిడ మళ్ళీ పూసలు తిప్పింది. నేను లేచి వచ్చేశాను. ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళలో మేమిద్దరం ఒకరినొకరు గట్టిగా ఒక్క మాట అనుకోలేదు. ఆ వారం మాత్రం కూరలో ఉప్పు సంగతి కూడా హాజిరా ద్వారానే చెప్పుకున్నాం.

ఇంతలో రంజాన్ మొదలైంది. ఆ రోజు రెండో ఉపవాసం, మర్నాడే గ్రాండ్ టెస్టు సోషల్ పేపరు. ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. అత్తగారికి షుగరుంది, ఉపవాసాలు వద్దని డాక్టరు చెప్పాడు, ఆవిడ వినదు. సాయంత్రం ఖర్జూరం నోట్లో వేసుకుని నీళ్ళు తాగాక గౌస్ మసీదుకి వెళ్ళాడు. మేం ముగ్గురం ఇంట్లోనే మగ్రిబ్ నమాజుకి నిలబడ్డాం. ఆడవాళ్ళం కలిసి చదివేటప్పుడు చదివించే మనిషి ముందుకెళ్ళి నిలబడదు, అదే వరసలో మధ్యన నిలబడుతుంది. అత్తగారు మధ్యలో, నేను కుడిపక్క, హాజిరా ఎడమపక్క.

ఆవిడ సూరె రహ్మాన్ అందుకుంది. ఒకే వాక్యం మళ్ళీ మళ్ళీ వచ్చే అధ్యాయం అది. వినడానికి ఎంత ఇంపుగా ఉంటుందో చదివేవాళ్ళకి అంత జాగ్రత్త కావాలి. ప్రతి మలుపూ ఒకేలా ఉంటుంది కాబట్టి ఎటు తిరగాలో తెలియకపోవచ్చు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ ఆ సూరా చదవడం ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను.

మధ్యలో ఆవిడ ఆగిపోయింది.

ఊపిరి తీసుకుంటోంది అనుకున్నాను. ఆ వాక్యం మళ్ళీ చదివింది. మళ్ళీ ఆగింది. నమాజులో చదివించేవాళ్ళు ఆగిపోతే వెనకో పక్కనో ఉన్నవాళ్ళు ఆ మాట అందిస్తారు. నాకు రాదు. హాజిరాకి వచ్చు. అది మెల్లగా అందించింది. అత్తగారు అందుకోలేదు. హాజిరా ఇంకొంచెం గట్టిగా అంది. అది నిలబడింది ఆవిడ ఎడమ చెవి పక్క.

వీధిలో ఏదో బండి వెళ్ళింది. ఎనిమిదేళ్ళుగా పిల్లల్ని ఒక్కో మాట దగ్గర కూర్చోబెట్టిన మనిషి ఆవిడ.

అప్పుడు అత్తగారు ఆ సూరా అక్కడే వదిలేసి, నాలుగేళ్ళ పిల్లలక్కూడా వచ్చే చిన్న సూరా, కుల్హువల్లా, నాలుగు వాక్యాలూ తాపీగా చదివి రుకూకి వంగింది. మేమూ వంగాం. మిగతా నమాజు మామూలుగా పూర్తయింది.

సలాం చెప్పాక హాజిరా ఆవిడ ముందుకొచ్చి కూర్చుంది. "దాదీమా, నేను అందించాను. రెండుసార్లు."

"వినబడలేదే."

"మరి... వదిలేసి వెళ్ళిపోయారు."

"ఏం చెయ్యమంటావు? తెల్లారేదాకా అక్కడే నిలబడమంటావా? మీరిద్దరూ నా పక్కన నిలబడి ఉన్నారు. పొద్దుట్నుంచీ ఉపవాసంతో నీరసించిన మనుషులు." ఆవిడ గొంతులో అలసట తప్ప ఇంకేం లేదు. "ఒక్క మాట రాలేదని నమాజు ఆపుతారా ఎవరైనా? చేతనైన చోట అందుకుని పూర్తి చెయ్యాలి. రాని మాట ఎక్కడికీ పోదు."

"తప్పు కాదా?"

"నమాజులో ఇలా దాటమని మా నాన్నే నేర్పాడు." ఆవిడ ఖురాన్ తెప్పించి, కళ్ళజోడు పెట్టుకుని, ఆ పేజీ తీసి, వేలితో వెతికి ఆ చోటు పట్టుకుంది. పెదాలు కదిపి ఆ వాక్యం మూడుసార్లు చదువుకుంది. తర్వాత పుస్తకం మూసి హాజిరా వంక చూసింది.

"రేపు ఆ హాల్లో నీ పక్కన ఎవరున్నా లేకపోయినా నీకు అందించేవాళ్ళుండరు కదే?"

"ఉండరు. అందిస్తే డిబార్ చేస్తారు."

"ఊఁ," అంది ఆవిడ. "జరీనా, ఇంకా ఏమన్నా మిగిలాయా పకోడీలు?"

నేను పళ్ళెం తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. వారం తర్వాత ఆవిడ నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

గ్రాండ్ టెస్టు పేపర్లు నాలుగు రోజుల తర్వాత వచ్చాయి. గౌస్ షాపు నుంచి రాగానే అడిగాడు. హాజిరా పేపరు తెచ్చి ఆయన చేతికిచ్చి తలుపు పక్కన నిలబడింది. ఆయన మార్కులు చూడలేదు. మెకానిక్కు కదా, ముందు లోపల విప్పి చూస్తాడు. పేజీలన్నీ తిప్పాడు. మూడు చోట్ల వాక్యం మధ్యలో వేలెడంత ఖాళీ ఉంది.

"ఇవేంటి?"

"అవి గుర్తు రాలేదబ్బా. తర్వాత రాద్దామని వదిలాను. రెండు మళ్ళీ వచ్చి నింపాను, చూడండి, అక్కడ. ఈ మూడింటికీ టైం చాలలేదు."

ఆయన చిట్టచివరి పేజీ దాకా తిప్పి, అక్కడ కూడా అక్షరాలుండడం చూసి, అప్పుడు మొదటి పేజీ మీద మార్కులు చూశాడు. డెబ్భై నాలుగు. పేపరు మడిచి దానికిచ్చేశాడు. తాడేపల్లిగూడెం పేరు ఎత్తలేదు. మర్నాడు ఉదయం ఏడింటికి పది నిమిషాలుండగా వాకిట్లో షాపు వ్యాను స్టార్టు చేసి హారన్ కొట్టాడు.

"పాఠానికి టైమవుతుంటే ఇంకా అద్దం ముందేంటి? దాదీమా వెళ్ళి అరగంటైంది."

మార్చి మూడోవారంలో పబ్లిక్ పరీక్షలు మొదలయ్యాయి. పదకొండు మందీ ఉపవాసంతోనే రాశారు. చదివింది గుర్తుండాలంటే కాస్త మజ్జిగ అయినా తాగమని ఒక తల్లి బతిమాలితే, ఆ పిల్ల "తాగితే అదే గుర్తొస్తది," అందట. గౌస్ వ్యాన్లోంచి మోటార్లు దింపేసి, చేపల వాసన పోవడానికి రెండుసార్లు ఫినాయిలు పెట్టి కడిగి, పిల్లలందర్నీ అందులో ఎక్కించుకుని సెంటరుకి తీసుకెళ్ళేవాడు. చేపల వాసనా పోలేదు, ఫినాయిలు వాసనా పోలేదు. సూర్యప్రకాశరావు గారు మోపెడ్ మీద వెనకాలే వచ్చేవారు. గేటు ఎదురుగా టీకొట్టు ఉంది. ఆయన రోజుకి ఆరు టీలు తాగే మనిషి.

"మీరు తాగండి సార్, మాకేం పర్లేదు," అన్నారు పిల్లలు.

"పదకొండు మంది చూస్తుండగా తాగితే నాకు అరుగుద్దా అమ్మా? పన్నెండు ముప్పావు దాకా నేనూ మీతో పాటే," అన్నారు. నిజంగానే పరీక్షలైనన్ని రోజులూ ఆయన ఆ కొట్టు వైపు చూడలేదు. మధ్యాహ్నం ఆఖరి పిల్ల వ్యానెక్కాక మాత్రం వరసగా రెండు తాగేవారు.

పొద్దున పాఠం ఒక్కరోజూ ఆగలేదు. తెల్లవారుజామున భోజనాలయ్యాక షెడ్డులో దీపాలు వెలిగేవి. ఆరింటిదాకా ఖురాన్, ఆ తర్వాత ఆ రోజు పరీక్షకి చదువు. పండగ ముందురోజుకి హాజిరా ఇరవై తొమ్మిదో పారా ముగించింది.

ఆఖరిది సోషల్. పండగ మర్నాడు పడింది. ఉపవాసాలు అయిపోయాయి కాబట్టి ఆ రోజు పిల్లల టిఫిన్ డబ్బాల నిండా సేమ్యా ఉంది. అత్తగారు ఎప్పుడూ లేనిది తనూ వస్తానంది. గేటు పక్కన వేపచెట్టు నీడలో ఎవరో తల్లి కుర్చీ తెచ్చి వేస్తే మూడు గంటలూ అందులోనే కూర్చుంది. నేను పక్కన నిలబడ్డాను. లోపల గంట కొట్టిన ప్రతిసారీ ఆవిడ నా వైపు చూసేది, నేను టైం చెప్పేదాన్ని.

పన్నెండు ముప్పావుకి పిల్లలు బయటికొచ్చారు. హాజిరా అందరికంటే చివర. దాని చేతులకి పండగ గోరింటాకు ఇంకా ఎర్రగా ఉంది, దాని మీద నీలం ఇంకు.

"ఆగావా?" అంది అత్తగారు, ఎలా రాశావని అడక్కుండా.

"రెండో పెద్ద ప్రశ్నలో ఆగాను దాదీమా. ఒక సంవత్సరం గుర్తు రాలేదు. చుక్క కూడా పెట్టాను."

"ఎన్ని?"

"ఒకటే." అది వేలు చూపించింది. "ఖాళీ వదిలేసి వెళ్ళిపోయాను. పన్నెండున్నరకి మ్యాపు గీస్తుంటే దానంతటదే వచ్చింది. వెనక్కెళ్ళి ఆ చుక్క మీదే రాశాను."

అత్తగారు కుర్చీలోంచి లేవబోయి, లేవలేక చెయ్యి చాచింది. మేమిద్దరం చెరోవైపూ పట్టుకుని లేపాం.

ఏప్రిల్ నాలుగో వారంలో ఫలితాలొచ్చాయి. ఆ పొద్దున షెడ్డులో అడుగుపెట్టడానికి చోటు లేదు. సూర్యప్రకాశరావు గారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, ఫోన్లో ఒక్కో నంబరే కొడుతూ పైకి చదువుతున్నారు. ఒక్కో పేరుకీ వెనకనుంచి ఒక్కో తల్లి ఊపిరి వదులుతోంది. పదో పేరు దాకా అందరూ పాసు. పదకొండోది హాజిరా. ఆయన నంబరు కొట్టి, ఫోను దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, చివరికి నాకిచ్చారు.

"మీరే చదవండమ్మా, లెక్కల టీచరు కదా. నాకు అంకెలు మసగ్గా కనబడుతున్నాయి."

ఆరువందలకి ఐదువందల యాభై ఒకటి. సోషల్లో తొంభై మూడు. పదకొండు మందిలో ఎనిమిది మందికి ఫస్టు క్లాసు. నేను చదువుతుంటే చివరి అంకె పూర్తవకముందే పిల్లలు ఒకరి మీద ఒకరు పడి అరిచారు. వాళ్ళు లాగిన లాగుడికి మగ్గం గుంజ మేకులు ఊడి బ్యాగులన్నీ కింద పడ్డాయి.

గౌస్ గుండుగొలను నుంచి గంటలో వచ్చేశాడు. చేతులకి గ్రీజు. కూతురి నెత్తి మీద చెయ్యి పెట్టబోయి, గ్రీజు చూసుకుని, మోచేత్తో దాని భుజం తట్టాడు. తర్వాత వాళ్ళమ్మ దగ్గరికెళ్ళి నిలబడ్డాడు.

"వైండింగ్ కాలలేదమ్మీ," అన్నాడు.

"గట్టి రాగిరా అది," అంది ఆవిడ.

మధ్యాహ్నం బిల్కీసు వచ్చింది. ఒక్కతే రాలేదు. వాళ్ళమ్మాయి, చెల్లెలి కూతురు, ఎదురింటివాళ్ళ పిల్ల, ముగ్గురు. సూర్యప్రకాశరావు గారు సొరుగు లాగి టీసీ పుస్తకం బయటపెట్టారు.

"ఫలితాలయ్యాక రమ్మన్నాను కదమ్మా. సంతకం పెట్టమంటారా?"

"ఏంటండీ సార్, ఇంకా అదే గుర్తుపెట్టుకున్నారా," అంది ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "అడ్మిషన్ కాగితాలు ఇప్పించండి. మూడు. మా పిల్ల ఎలాగూ ఇక్కడే ఉంటది. రెండు దోనెలూ బానే ఉన్నాయంట కదా."

"మీరు లెక్క తప్పారు. ఒకళ్ళు ఇక్కడే ఉంటే కొత్తవి రెండే కావాలి," అన్నాన్నేను.

"మూడోది మా ఆడపడుచు కూతురికి. రేపు వస్తది తణుకు నుంచి."

జూన్ నాటికి పదో తరగతిలో ఇరవై ఇద్దరు, మొత్తం బడిలో నూట ఎనభై మంది అయ్యారు. పాత మగ్గం గుంజకి మేకులు చాలక పక్కన ఇంకో కర్ర పాతించాం. కానీ అంతకుముందే, మే నెలలో ఒక శుక్రవారం, హాజిరా ముప్ఫయ్యో పారా చివరి వాక్యం వాళ్ళ దాదీమా ముందు కూర్చుని అప్పజెప్పింది. ఆవిడ దాని నోట్లో మిఠాయి పెట్టి, తన తలమీది తెల్ల దుపట్టా తీసి దానికి కప్పింది. గౌస్ ఆ రోజు షాపు తెరవలేదు. చిన్నప్పుడు తను పది పారాల దగ్గర ఎందుకు మానేశాడో ఎవరూ అడక్కుండానే చెప్పాడు. ఇప్పుడు రోజూ గుండుగొలను వెళ్ళేముందు పావుగంట వాళ్ళమ్మ ముందు కూర్చుంటున్నాడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. మాట తప్పితే ఆవిడ ఇప్పటికీ అందివ్వదు. షాపు టైమైపోతోందమ్మీ అంటే, వెతుక్కో అంటుంది.

ఆ శుక్రవారం సాయంత్రం మగ్రిబ్‌కి అత్తగారు మధ్యలో నిలబడలేదు. హాజిరాని భుజాలు పట్టుకుని మధ్యలోకి జరిపి, తను దాని ఎడమపక్కకి వెళ్ళింది. కుడి చెవి దానివైపు ఉండేలా. నేను కుడిపక్క నిలబడ్డాను.

హాజిరా సూరె రహ్మాన్ అందుకుంది. గొంతు వాళ్ళ దాదీమాదే, ఇంకా పలచగా, ఇంకా తేటగా. ఒక్కో మలుపూ దాటుకుంటూ వెళ్తోంది. రంజాన్‌లో ఆవిడ ఆగిన చోటికి వచ్చింది. ఆగింది.

అత్తగారు గొంతైనా సవరించుకోలేదు. ఒకటి, రెండు, మూడు క్షణాలు. హాజిరా ఆ వాక్యం అందుకుని ముందుకు వెళ్ళిపోయింది.

సలాం చెప్పాక అత్తగారు దాని మోకాలి మీద ఒక్కటి వేసింది.

"ఆగావేమే అక్కడ?"

"మీరు అందిస్తారేమోనని చూశాను దాదీమా."

"నేనెందుకు అందిస్తాను?" ఆవిడ నా భుజం ఆసరా చేసుకుని మెల్లగా లేచింది. "నీకు వచ్చుగా. జరీనా, ఆ ఫ్యాను వెయ్యమ్మా, ఉక్కపోస్తోంది."